మూడు వందల పేర్ల నోటుబుక్కు

గోనెగండ్లలో మా ఇంటి వెనక గదిలో ఒక నులకమంచం ఉంది. దాని కింద తొమ్మిదేళ్ల పాటు నా కథల పుస్తకాలు ఉండేవి. గోధుమరంగు కాగితంలో చుట్టి, పురికొసతో కట్టి, కట్టకు పాతిక చొప్పున. మొత్తం వెయ్యి కాపీలు వేయించాను. ఆవిష్కరణ సభలో వేదిక మీది పెద్దలకూ బంధువులకూ ఊరికే ఇచ్చినవి, కొన్నవాళ్లు కొన్నవి పోగా ఏడాది తిరిగేసరికి ఆరు వందలకు పైగా మిగిలాయి. రెండో వానాకాలంలో ఎవరో అడిగారని ఒక కట్ట బయటికి లాగాను. పై పుస్తకం అట్ట కొత్తదానిలా మెరుస్తోంది గానీ చేతికి బరువు తగల్లేదు. తెరిస్తే పేజీల మధ్య ఎర్రమట్టి గూడు, అందులో చెదలు. అంచులు వదిలేసి, అక్షరాలున్న మేర తినేశాయి. ఆ పుస్తకం రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. రిటైరైన టీచర్లు, పద్యాలు కట్టే రైతులు, సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయొచ్చిన బతుకుల్ని కథలుగా రాసే కుర్రవాళ్లు. పుస్తకం వేసుకోవాలని అనిపించినప్పుడు వాళ్లలో కొందరు నా దగ్గరికి వస్తారు. "అన్నా, ఎంతవుతాది?" అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు సులభం. "ఎవరు కొంటారు?" అని నేను తిరిగి అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. వాళ్లతో విడివిడిగా చెప్పుకొచ్చిన మాటలన్నీ ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను.

సొంతంగా అచ్చు వేసుకోవడం చిన్నతనమేమీ కాదని ముందే చెప్పాలి. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, మొదట్లో మద్రాసులో అచ్చు వేయించి, ఆ దూరాభారం పడలేక రాజమండ్రిలోనే సొంత ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు. ఆయన పత్రికా పుస్తకాలూ అక్కడే అచ్చయ్యాయి. మన కాలంలో రంగనాయకమ్మ స్వీట్ హోం పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తానే వేసుకుంటూ, పేజీల లెక్కన చూస్తే మరెవరూ ఇవ్వలేనంత తక్కువ ధరకు పాఠకుడి చేతిలో పెట్టారు. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అనే ఆవిడ కుందేలు పిల్ల కథను ప్రచురణకర్తలు వద్దంటే, 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. మరుసటి ఏడాదే ఒక పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది.

ఈ ముగ్గురి పనిలో నాకు కనిపించిన పోలిక ఒకటుంది. తమ పుస్తకాన్ని ఎవరు చదువుతారో వాళ్లకు ముందే తెలుసు. వీరేశలింగం గారి వెనక పత్రిక చందాదారులున్నారు. రంగనాయకమ్మ గారి వెనక వారపత్రికల్లో ఆమె సీరియళ్ల కోసం ఎదురుచూసిన పాఠకులున్నారు. పాటర్ ఆ కథను మొదట తెలిసినవాళ్ల పిల్లవాడికి ఉత్తరంగా రాసింది, కాబట్టి తొలి కాపీలు ఏ ఇళ్లకు వెళ్తాయో ఆమెకు ఎరుకే. వెయ్యి కాపీలు ఆర్డరిచ్చిన రోజున నా దగ్గర అలాంటి పేర్లు ముప్పై కూడా లేవు.

అసలు వెయ్యి ఎందుకు వేయించానో చెబుతాను. ఈ గోతిలో దాదాపు అందరూ పడతారు. ప్రెస్సులో కూర్చుని ఐదు వందలు చాలనుకుంటున్నానని చెప్తే, అక్కడి మనిషి మంచిగానే అన్నాడు: "సార్, ఐదొందలకీ వెయ్యికీ పెద్ద తేడా రాదు సార్. ప్లేట్లు ఎట్లాగూ వేస్తాం. కాగితం ఖర్చే గదా, వెయ్యి వేసుకోండి." ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన లెక్క అచ్చు దగ్గర ఆగిపోతుంది, నా లెక్క అమ్మకం దాకా పోవాలి. ఆ తేడాను నేను గమనించలేదు.

ఆ లెక్క నిదానంగా చూద్దాం. డెమీ సైజు, పది ఫారాలు, అంటే 160 పేజీల పుస్తకం అనుకుందాం. కింది అంకెలు విషయం అర్థం కావడానికి వేసుకున్నవి. కాగితం ధరను బట్టి, ఊరిని బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం ఇదే. డీటీపీ, ప్రూఫులు, అట్ట బొమ్మ, ప్లేట్లు కలిపి 20,000 రూపాయలు. ఒక్క కాపీ వేసినా, వెయ్యి వేసినా ఈ ఖర్చు తప్పదు. దాని మీద కాగితం, అచ్చు, బైండింగు కాపీకి 50 రూపాయలు. అప్పుడు 500 కాపీలకు 45,000, ఒక్కోటి 90 పడుతుంది. వెయ్యి కాపీలకు 70,000, ఒక్కోటి 70 పడుతుంది. ప్రెస్సాయన చూపించేది ఈ 90కీ 70కీ మధ్య తేడానే. ఇరవై రూపాయలు ఆదా అయినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు ఎంత తిరిగినా 350 కాపీలే అమ్ముడుపోయాయనుకోండి. కొత్త రచయితకు అదేమీ తక్కువ కాదు. ధర 180 పెట్టి, అన్నీ మీ చేత్తోనే, పైసా తగ్గించకుండా అమ్మితే 63,000 వస్తాయి. ఐదు వందలు వేయించినవాడికి 18,000 మిగులు. వెయ్యి వేయించినవాడికి 7,000 నష్టం, పైగా 650 పుస్తకాలు మంచం కింద. అమ్ముడుపోయిన కాపీల మీద ఖర్చును పంచితే, 70 రూపాయలకే పడిందనుకున్న పుస్తకం 200 రూపాయలకు పడినట్టు తేలుతుంది. పుస్తకం ఎంతకు పడిందో అమ్మిన కాపీల మీదే లెక్క కట్టాలి. వేసిన కాపీల మీద కట్టే లెక్క మనల్ని మోసం చేస్తుంది.

అన్నీ షాపుల ద్వారా అమ్మితే ఇంకోలా ఉంటుంది. పుస్తకాల షాపు గానీ పంపిణీదారు గానీ నూటికి 40 దాకా కమీషన్ అడగడం మామూలే. అందులో అన్యాయమూ లేదు, వాళ్లకు అద్దె ఉంది, మనిషి జీతం ఉంది. అప్పుడు 180లో మీ చేతికొచ్చేది 108. 350 కాపీలకు 37,800. ఐదు వందలే వేయించినా నష్టమే. కనుక మొదటి పుస్తకం ఖర్చు వెనక్కి రావాలంటే ఎక్కువ భాగం పాఠకుడికి నేరుగా చేరాలి. ఎన్ని చేరాలి? 45,000ను 180తో భాగించండి, 250. పాటర్ వేయించుకున్న కాపీలూ సరిగ్గా అన్నే. సరే అన్నవాళ్లలో కొందరు మరిచిపోతారు, కొందరు ఇబ్బందుల్లో ఉంటారు. వాళ్ల కోసం యాభై కలిపితే మూడు వందలు.

అందుకే వచ్చినవాళ్లకు ఒక నోటుబుక్కు కొనమని చెబుతాను. మూడు వందల పేర్లు. పుస్తకం చదివితే బాగుండునని మనం ఆశపడే జనం సంఖ్య అందులోకి రాదు. ఫోన్ చేసి, "అప్పా, ఇలాంటి పుస్తకం వేస్తున్నా, నూట ఎనభై రూపాయలు, తీసుకుంటావా?" అని అడిగితే "తీసుకుంటా" అన్న మనిషి పేరు, ఊరు, పిన్‌కోడ్ మాత్రమే రావాలి. అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. నాకూ వచ్చింది. మూడెకరాల్లో పండిన ఉల్లిగడ్డలు అమ్మడానికి మొహమాటపడని మనం, ఆరేళ్లు కష్టపడి రాసిన పుస్తకం దగ్గర తల దించుకుంటాం. ఊరికే ఇచ్చేస్తే మర్యాద అనుకుంటాం. ఊరికే తీసుకున్నది చదవకపోయినా ఎవరూ అడగరు. డబ్బిచ్చి కొన్నది మాత్రం ఒకసారైనా తెరుస్తారు, ఇది నేను ఇళ్లకు వెళ్లి చూసిన సంగతి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? మీ పుస్తకం ఎవరి గురించో అక్కడే మొదలుపెట్టాలి. గాజులదిన్నె ప్రాజెక్టు కింద మునిగిన పొలాల కథలు రాస్తే, హంద్రీ ఒడ్డు ఊళ్లలో వాటిని గుర్తుపట్టేవాళ్లున్నారు. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాల కథలు రాస్తే, ఆ ఇళ్లలో చదువుకుని బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలున్నారు. సొంత ఊరి మాట అచ్చులో చూసుకోవడానికి వాళ్లంత ఆత్రపడేవాళ్లు ఇంకెవరూ లేరు. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులు ప్రతి హైస్కూలుకూ ఉన్నాయి. బళ్లారి, సిరుగుప్ప, రాయచూరు వైపు తెలుగు చదివేవాళ్లను మనం తరచూ మరిచిపోతాం. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. హద్దు మారిందిగానీ చుట్టరికాలు మారలేదు. అక్కడి బంధువుల పేర్లు కూడా నోటుబుక్కులోకి రావాలి.

మూడు వందల పేర్లు రాకపోతే? అప్పుడు రెండు వందలు వేయించండి, లేదా ఆగండి. ఒక కథను పత్రికకు పంపండి, ఒకదాన్ని స్కూల్లో చదివి వినిపించండి, నాలుగు నెలలు అలా తిరగండి. పేర్లు పెరుగుతాయి. అరవై ఏళ్లు దాటినవాళ్లకు ఆగమని చెప్పడం కష్టమే. "నేనుండగానే చూసుకోవాలప్పా" అంటారు. అలాంటివాళ్లకు డిజిటల్ ప్రింటులో యాభై కాపీలు చాలు. దానికి ప్లేట్లు అక్కర్లేదు. కాపీకి ఖర్చు ఎక్కువే పడుతుంది, కాని మొత్తం మీద చేయి కాలదు. డిజిటల్ ప్రింటు అసలు ఉపయోగం మలి ముద్రణలో తెలుస్తుంది. డీటీపీ, అట్ట ఖర్చు మొదటిసారే అయిపోయి ఉంటుంది గనుక, అడిగినప్పుడల్లా పాతికో యాభయ్యో వేయించుకుంటే కాపీకి వంద అటూ ఇటూ పడినా 180కి అమ్ముకోవచ్చు. నిల్వ ఉంచే బాధ తప్పుతుంది.

అచ్చు పని గురించి నాలుగు మాటలు చాలు. ప్రూఫులు మీరొక్కరే దిద్దకండి. రాసినవాడి కన్ను తప్పును చూడదు, తాను రాయాలనుకున్నదే చూస్తుంది. డీటీపీ చేసినవాళ్ల దగ్గర పీడీఎఫ్ ఒక్కటే కాకుండా అసలు ఫైలు కూడా తీసుకోండి. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసేవాళ్లున్నారు. రేపు ఈ-పుస్తకం చేయాలన్నా, ఒక కథ ఎవరికైనా పంపాలన్నా యూనికోడ్ ఉండాలి. అందుకని మొదటే యూనికోడ్‌లో చేయించండి. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం. ఢిల్లీలోని రాజా రామమోహన్‌రాయ్ జాతీయ ఏజెన్సీకి రచయితే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొందరు దీన్ని కూడా "ప్యాకేజీ"లో చేర్చి డబ్బులు వసూలు చేస్తారు. కాపీరైటు మీరు రాసిన క్షణమే మీది, రిజిస్ట్రేషన్ చేయించినా చేయించకపోయినా. ఎవరైనా డబ్బు మీ దగ్గరే తీసుకుని, హక్కులు కూడా తమకే రాసిమ్మని కాగితం పెడితే సంతకం చేయకండి. నాకు తెలిసిన ఒక పెద్దాయన అలా చేసి, తన పుస్తకం తానే మళ్లీ వేసుకోలేక రెండేళ్లు తిరిగారు.

ఇక పుస్తకం పంపడం. ఇందులో చిన్న చిన్న సంగతులే డబ్బు మిగులుస్తాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మన పెద్దల కాలం నుంచి ఉన్న బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. చిన్న ప్రచురణకర్తలకు అది పెద్ద దెబ్బ. తర్వాత 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అని కొత్త సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. కట్ట ఎక్కడిదాకా చేరిందో చూసుకునే వీలుంది. అందులో పంపే పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలతో నిండినవి తీసుకోరు.

ఆ 300 గ్రాముల గీతను అచ్చుకు ముందే గుర్తుపెట్టుకోవాలి. డెమీ సైజు, 70 జీఎస్ఎం మాప్లిథో కాగితం, 160 పేజీలు, మామూలు ఆర్ట్ కార్డు అట్ట అయితే పుస్తకం 190 గ్రాముల దగ్గర తూగుతుంది. కవరుతో కలిపి 220. నిశ్చింతగా లోపలే. అదే 240 పేజీలు అయితే కవరుతో కలిపి గీత అంచుకు వస్తుంది. కాగితం 80 జీఎస్ఎం వాడితే దాటిపోతుంది. కాబట్టి కాగితం ఎంచుకునే రోజునే ఒక డమ్మీ కట్టించి, కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. నేరుగా పంపితే 180లో పోస్టేజీ, కవరు ఖర్చు మీరే పెట్టుకున్నా 150 రూపాయల పైనే మిగులుతుంది. షాపు ద్వారా 108 వస్తుందని ఇంతకుముందు చూశాం. డబ్బు ఫోన్‌లోనే వస్తుంది గనుక పాత రోజుల్లోలా మనియార్డరు కోసం ఎదురుచూపు లేదు. ప్రతి పుస్తకంలో మీ ఫోన్ నంబరు, "చదివాక ఒక మాట చెప్పండి" అని చేత్తో రాసిన చీటీ పెట్టండి. అలా ఫోన్ చేసినవాళ్లే తర్వాతి పుస్తకానికి పేర్లు.

షాపులు వద్దని అనడం లేదు. విజయవాడ, హైదరాబాదు షాపుల్లో పది పది కాపీలు ఉండాలి, సమీక్ష చదివి వెతుక్కునేవాడికి దొరకాలి. డబ్బు వెంటనే వస్తుందని మాత్రం అనుకోవద్దు. గ్రంథాలయాల కొనుగోలు కూడా అంతే. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, ఆ డబ్బుతో పుస్తకాలు కొనాల్సిందే, దరఖాస్తు పెట్టండి. ఎప్పుడు కొంటారో మన చేతిలో లేదు కాబట్టి, ఆ రాబడిని అచ్చు ఖర్చు లెక్కలో చేర్చకండి.

జనం ఉన్నచోటికి పుస్తకం వెళ్లాలన్నది కొత్త సంగతి కాదు. మనకు పక్కనే ఉన్న కన్నడ సీమలో గళగనాథ అనే నవలాకారుడు తన నవలల మూట తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి, గడప గడపకూ వెళ్లి అమ్మారు. కన్నడ నవలకు పాఠకుల్ని తయారుచేసినవాళ్లలో ఒకరిగా ఆయన్ని ఇవాళ్టికీ తలుచుకుంటారు. మనకు తిరునాళ్లు ఉన్నాయి. పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరి జనం, మంత్రాలయం ఆరాధన. కిందటేడు జాతరలో ఒక బల్ల వేసుకుని కూర్చున్నాను. ఎడ్లు కొనడానికి వచ్చిన ఒక రైతు నా పుస్తకం తిరగేసి, "ఇది మా పక్కూరి కథ గదప్పా" అని రెండు కాపీలు తీసుకున్నాడు, ఒకటి బెంగళూరులో ఉన్న కొడుక్కి. ఆ కొడుకు వారం తర్వాత ఫోన్ చేసి, తన రూమ్మేట్ల కోసం ఇంకో నాలుగు అడిగాడు. ఏ సమీక్షా నాకు అంత మేలు చేయలేదు.

లెక్కలు రాసుకోవడానికి ఆ నోటుబుక్కు వెనక పేజీలే చాలు. తేదీ, పేరు, కాపీలు, వచ్చిన డబ్బు, పోస్టేజీ. ఊరికే ఇచ్చినవాటికి వేరే గడి పెట్టండి. ఆ గడి ఎంత వేగంగా నిండుతుందో చూస్తే మీకే చెయ్యి ఆగుతుంది. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లు దానికి రిజిస్ట్రేషన్ చేయించుకోనవసరం లేదు. లాభం వస్తే అది మీ ఆదాయంలో కలుస్తుంది, దాన్ని దాచిపెట్టొద్దు.

ఒంటరిగా చేయలేని పనులు కూడా ఉన్నాయి. విజయవాడలో 1989 నుంచి, సాధారణంగా జనవరిలో, పుస్తక మహోత్సవం జరుగుతోంది. ఒక్క పుస్తకం ఉన్న రచయిత అక్కడ స్టాలు అద్దె కట్టి, పది రోజులు తిండి, బస పెట్టుకుంటే ఏమీ మిగలదు. పదిమంది కలిస్తే మిగులుతుంది. ఈ మాట చెప్పినప్పుడు నాకు ఎమ్మిగనూరే గుర్తొస్తుంది. మగ్గం మీద చీర నేయడం తెలిసిన మనిషికి దాన్ని దూరపు సంతలో అమ్మడం చేతకాక షావుకారు చెప్పిన ధరకు ఇచ్చేసే రోజుల్లో, 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. నూలు కొనడం, గుడ్డ అమ్మడం సంఘం చూసుకుంది, నేసేవాళ్లు నేత చూసుకున్నారు. ఆ పనికే 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. సరిగ్గా అదే ఆలోచనతో కేరళ రచయితలు 1945లో కొట్టాయంలో సాహిత్య ప్రవర్తక సహకార సంఘం పెట్టుకున్నారు. పుస్తకాలు తామే వేసి, తామే అమ్మి, రచయితకు నూటికి 30 రాయల్టీ ఇచ్చారు. నేతగాళ్ల సంఘం పుట్టిన గడ్డ మీద రాసేవాళ్ల సంఘం ఎందుకు ఉండకూడదు? రిజిస్ట్రేషనూ ఆఫీసూ తర్వాత సంగతి. ముందు అందరి నోటుబుక్కుల్లో పేర్లు ఒకచోట చేరితే చాలు. ఆదోని కవి పుస్తకం కొన్నవాడికి గోనెగండ్ల కథల పుస్తకం గురించి ఒక మెసేజ్ పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఈ పుష్యమాసం జాతరకు మేం ఐదుగురం ఒకే బల్ల వేసుకోవాలని అనుకున్నాం. ఇద్దరు ఆదోనివాళ్లు, ఇద్దరు ఎమ్మిగనూరువాళ్లు, నేను. రోజుకొకరు కూర్చుంటాం, ఎవరు కూర్చున్నా ఐదుగురి పుస్తకాలూ అమ్ముతారు. నా రెండో పుస్తకం రాత పూర్తయి మూడు నెలలైంది. ప్రెస్సుకు ఇంకా ఇవ్వలేదు. నోటుబుక్కులో నిన్న రాత్రికి 214 పేర్లున్నాయి. పొద్దున్నే సిరుగుప్ప నుంచి మా మేనత్త కూతురు ఫోన్ చేసి, తనదీ తన ఇద్దరు కొలీగులదీ రాసుకోమంది.